ఆయిల్ కూలర్‌కు మన బోరు నీళ్లు పడవు

(మిర్యాలగూడలో లారీ, ట్రాక్టర్, హార్వెస్టర్ డ్రైవర్ల ముందు, షెడ్డు మెకానిక్‌ల ముందు ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును ఎక్కువగా మార్చకుండా రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. నాకు స్టేజీ ఎక్కి మాట్లాడే అలవాటు లేదు. ఇన్నేళ్లూ బండి కింద పడుకుని మాట్లాడినవాణ్ని. మైకు ముందు తడబడితే ఏమనుకోవద్దు.

ముందు ఈ ముక్క చూడండి. తమ్ముడూ, పట్టుకో, చూసి వెనక్కి పంపు. అంచులు పదునుగా ఉన్నాయి, చెయ్యి జాగ్రత్త. ఇది పది చక్రాల లారీ ఆయిల్ కూలర్, అంటే ఇంజన్ ఆయిల్‌ను చల్లబరిచే భాగం. గ్రైండర్ పెట్టి అడ్డంగా కోయించాను. పలకల మీద తెల్లగా, రాయిలా పట్టుకున్నది కనిపిస్తోందా? గోరుతో గీకండి, రాదు. ఇంట్లో స్నానానికి నీళ్లు కాచే కాగు లోపల తెల్లటి పొర కడుతుంది కదా, అదే ఇది. కాగుకు కడితే కట్టెలు ఎక్కువ కాలతాయి, అంతే. ఇక్కడ కడితే క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇంజన్ ఇరుసే పోతుంది.

ఈ బండి ఓనర్ ఆయిల్ విషయంలో చాలా పట్టింపు మనిషి. కంపెనీ చెప్పిన గ్రేడే పోస్తాడు. చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మారుస్తాడు, ఫిల్టర్ కూడా అసలుదే. మరి కూలర్ ఎందుకు పోయింది? రేడియేటర్‌లో మాత్రం దారిలో ఎక్కడ బోరు కనిపిస్తే అక్కడి నీళ్లు పోశారు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది అదే. ఆయిల్ కూలర్ పేరులో ఆయిల్ ఉంది కాబట్టి అందరూ ఆయిల్ వైపే చూస్తారు. మన ప్రాంతంలో అది చచ్చేది నీళ్ల వైపు నుంచి.

అది ఎలా పని చేస్తుందో కొంచెం చెప్తాను. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. ఆయిల్ అంటే రాపిడి తగ్గించేది అని అందరికీ తెలుసు. అది వేడి మోసే కూలీ కూడా. పిస్టన్ అడుగుకు నీళ్లు పోలేవు. అక్కడికి కింద నుంచి ఆయిలే చిమ్ముతుంది. ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో ఉంది కదా, దాని బేరింగు బతికేది కూడా ఎక్కువగా ఆ ఆయిల్ మీదే. ఆ వేడంతా మోసుకొచ్చిన ఆయిల్ దాన్ని దించుకునే చోటు ఈ కూలర్. మన లారీల్లో ఇది ఇంజన్ బ్లాకు పక్కన ఒక కవరు కింద దాక్కుని ఉంటుంది. పలకల లోపల ఆయిల్ పోతుంది, పలకల బయట రేడియేటర్ నీళ్లు పోతాయి. మధ్యలో పలచటి రేకు. ఆయిల్, నీళ్లు ఒకే ఇంట్లో అంత దగ్గరగా కాపురం ఉండే చోట్లు ఇంజన్‌లో తక్కువ.

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని రాసి ఉంటుంది. అందులో 40 అన్నది ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే గుర్తు. మామూలుగా బండి నడుస్తుంటే ఆయిల్ ఇంచుమించు ఆ వేడి దగ్గరే ఉంటుంది. అది 120, 130కి పోయిందనుకోండి, పలచబడి బేరింగుకు, క్రాంకుకు మధ్య ఉండాల్సిన పొర నిలవదు. పైగా ఆయిల్ మాడుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. అంటే మీరు ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా, కూలర్ మీద ఈ తెల్ల పొర ఉంటే సగం డబ్బులు మోరీలో పోసినట్టే. మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలు దాటిన రోజున, ముప్పై టన్నుల లోడుతో నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కిన బండికి ఇది ఇంకా తొందరగా తెలుస్తుంది.

మన నీళ్ల గురించి నేను మీకు చెప్పేదేముంది? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లమే అందరం. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి తీసే పద్ధతికి లోకమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టుకుంది. మన ఊరి పేరు అలా పుస్తకాల్లోకి ఎక్కింది. కానీ ఇక్కడ ఒక మాట సరిచేయాలి. మా షెడ్డుకు వచ్చేవాళ్లు చాలామంది 'ఫ్లోరైడ్ వల్లే కూలర్ పోయింది సార్' అంటారు. కాదు. ఫ్లోరైడ్ మనిషి ఎముకల జోలికి పోయేది. ఈ తెల్ల పొర కట్టేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. వాటినే మనం నీళ్లు గడుసుగా ఉన్నాయి, సబ్బు నురగ రావట్లేదు అంటాం. సబ్బు నురగ రాని నీళ్లు రేడియేటర్‌లో పోయొద్దు. టెస్టింగ్ మిషన్ అక్కర్లేదు, సబ్బు ముక్క చాలు.

అలాగని నురగ వచ్చిన నీళ్లన్నీ మంచివని కాదు. భగీరథ కుళాయి నీళ్లు బోరు నీళ్ల కంటే నయమే, కానీ వాటిలోనూ ఖనిజాలు ఉంటాయి. తాగడానికి అవి ఉండాలి. రేడియేటర్‌కు వద్దు. రేడియేటర్‌లో నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పు మిగులుతుంది. మళ్లీ నీళ్లు పోస్తే మళ్లీ ఉప్పు. ఇలా రోజూ లీటరు లీటరు పోసే బండి ఉందనుకోండి, ఏడాదిలో ఆ ఇంజన్‌లోకి ఎంత సున్నం చేరిందో మీరే లెక్క వేసుకోండి. అందుకే రోజూ నీళ్లు పోయాల్సి వస్తున్న బండికి ముందు లీకేజీ పట్టాలి. క్యాన్ మోసుకుని తిరగడం రిపేరు కాదు.

మరి ఏం పోయాలి? కూలెంట్. కూలెంట్ అంటే చలిదేశాల వాళ్లకు, గడ్డకట్టకుండా పోసుకునేది అని ఒక పెద్దాయన నాతో వాదించాడు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి, అది మనకు అక్కర్లేదు. మనకు కావాల్సినవి వేరే ఉన్నాయి. అందులో తుప్పు పట్టకుండా ఆపే మందులు ఉంటాయి. నీళ్లు మరిగే వేడిని కూడా అది పెంచుతుంది. సగం కూలెంట్, సగం ఖనిజాలు తీసిన నీళ్లు. బ్యాటరీలో పోసే నీళ్లు అని అడిగితే ఆటోనగర్‌లో ఏ షాపులోనైనా ఇస్తారు. రెడీగా కలిపి అమ్మే కూలెంట్ అయితే మళ్లీ నీళ్లు కలపొద్దు. ఆకుపచ్చది ఉన్న దాంట్లో ఎర్రది కలపొద్దు. రంగు ఒకటే అయినా రకం వేరై ఉండొచ్చు, డబ్బా మీద చదవండి. కూలెంట్‌లోని మందులు కాలంతో పాటు అయిపోతాయి. రంగు బాగానే ఉంది కదా అని ఐదేళ్లు ఉంచొద్దు. మీ బండి పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంత. చాలా బండ్లకు రెండేళ్లు అని ఉంటుంది.

ఇంకొకటి, ఇది బండి సంగతి కాదు. పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. షెడ్డు ముందు పళ్లెంలో వదిలేస్తే కుక్కలు, దూడలు నాకి చస్తాయి. పిల్లలు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. మూత బిగించి పెట్టండి.

ఇప్పుడు 'ఆయిల్ తాగని బండి' కథ చెప్తాను. హాలియా వైపు నుంచి ధాన్యం లోడు కొట్టే డ్రైవర్ ఒకాయన నాకు బాగా తెలిసినవాడు. ఒకరోజు టైరు పంక్చర్‌కు వచ్చి చాయ్ తాగుతూ గొప్పగా చెప్పాడు. 'అన్నా, నా ఇంజన్ ఎంత మంచిగుందంటే, నెల రోజులైంది, ఆయిల్ చుక్క తగ్గలే. ఇంకా కొంచెం పెరిగినట్టే ఉంది.' (నవ్వులు) నవ్వుతారు కానీ, మీలో ఎంతమంది ఆయిల్ ఎంతుందో చూసే గేజి పుల్ల తీసి చూసి, ఎక్కువుంటే సంతోషపడి మళ్లీ లోపల పెట్టేశారు? ఆయిల్ తగ్గితే భయపడతాం. పెరిగితే భయపడం. పెరగడానికి అదేమన్నా పాల కుండా?

ఆయిల్ పెరిగిందంటే ఇంకేదో కలుస్తోంది. అది డీజిల్ కావచ్చు, నీళ్లు కావచ్చు. డీజిల్ కలిస్తే ఆయిల్ పలచబడుతుంది, వేలికి రాసి వాసన చూస్తే తెలిసిపోతుంది. నీళ్లు కలిస్తే పాలు ఎక్కువైన చాయ్ రంగులోకి వస్తుంది. ఆయిల్ పోసే మూత లోపల మీగడలా కడుతుంది. అయితే మూత దగ్గర మాత్రమే కొంచెం మీగడ ఉంటే వెంటనే టెన్షన్ పడొద్దు. దగ్గర ట్రిప్పులు కొట్టి ఇంజన్ సరిగా వేడెక్కని బండికి, చలికాలం పొద్దున అలా కొద్దిగా వస్తుంది. గేజి మీద కూడా ఉందా లేదా చూడాలి. అనుమానం తీరకపోతే బండిని రాత్రంతా కదలకుండా ఆపి, పొద్దున స్టార్ట్ చేయకుండా సంపు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, దాని ప్లగ్గును మెల్లగా ఒకటి రెండు మరలు వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, అడుగున చేరతాయి, ముందు అవే కారతాయి. ఆయనకు అర గ్లాసు నీళ్లు వచ్చాయి. చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు పాపం.

ఇక్కడ మెకానిక్‌లు జాగ్రత్తగా వినండి. కూలర్ పలకకు చిల్లు పడితే నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయా, ఆయిల్ నీళ్లలోకి పోతుందా? రెండూ జరుగుతాయి, వేరువేరు సమయాల్లో. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ మూడు, నాలుగు బార్ ఉంటుంది. నీళ్ల ప్రెషర్ రేడియేటర్ మూత పట్టి ఉంచినంతే, ఇంచుమించు ఒక బార్. కాబట్టి నడుస్తున్నంతసేపూ ఆయిలే నీళ్లలోకి పోతుంది. రేడియేటర్ నీళ్ల డబ్బాలో మట్టి రంగు జిడ్డు తేలుతుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా. నీళ్లు మాత్రం ఇంకా వేడిగా, ప్రెషర్‌తోనే ఉంటాయి. అప్పుడు అవి ఆయిల్‌లోకి దూరతాయి. డ్రైవర్ దాబాలో భోజనం చేస్తున్న ఆ అరగంటలోనే అసలు పని జరుగుతుంది.

హెడ్ గాస్కెట్ అంటే ఇంజన్ బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే ప్యాకింగు. అది పోయినా ఈ గుర్తులే వస్తాయి. అందుకే చాలామంది ముందే హెడ్ విప్పేస్తారు. నేనూ విప్పాను, అబద్ధమెందుకు. హెడ్ విప్పడం పెద్ద పని, ఖర్చు కూడా. ముందు చూడాల్సింది వేరే ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా చూడండి. వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తోంది, అనుమానం హెడ్ వైపు. బుడగలు లేవు, తెల్ల పొగ లేదు, బండి పికప్ తగ్గలేదు, నీళ్లలో మాత్రం ఆయిల్ ఉంది అంటే ముందు కూలర్ విప్పండి. విప్పాక రెండు వైపులా ప్లేటు బిగించి గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచండి. గాలి ఎంత పట్టించాలో ఆ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది, కంప్రెసర్ ఉంది కదా అని పెంచొద్దు, పలకలు ఉబ్బుతాయి. చల్లటి నీళ్లలో బుడగ రాలేదని సరే అనుకోవద్దు. కొన్ని పగుళ్లు వేడికే తెరుచుకుంటాయి. వేడినీళ్లలో ముంచి మరోసారి చూడండి.

నీళ్లలోకి ఆయిల్ పోయిందని తేలితే కూలర్ మార్చడంతో పని అయిపోదు. రబ్బరు హోస్ పైపులు ఆయిల్ తాగి మెత్తబడి ఉబ్బుతాయి. నొక్కి చూడండి, మిగల పండిన అరటిపండులా ఉంటే మార్చేయండి. లోపల జిడ్డు పోయేదాకా కడగాలి. ఒకసారికి పోదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. జడ్చర్ల వైపు మట్టి పనులకు తిరిగే టిప్పర్ ఒకటి బేరింగులు పట్టేసి వచ్చింది. క్రాంకు గ్రైండింగ్ చేయించాం, కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ పంపు, అన్నీ వేశాం. కూలర్‌ను డీజిల్‌లో కడిగి, గాలి కొట్టి, పాతదే బిగించాను. బయటికి అద్దంలా ఉంది. పదకొండో రోజు ఆ టిప్పర్‌ను ఇంకో బండి లాక్కొచ్చింది. మళ్లీ అదే బేరింగు. ఆ ఓనర్ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. రెండోసారి ఖర్చు నేనే పెట్టుకుని చేసిచ్చాను. తర్వాత పట్టుదల కొద్దీ ఆ కూలర్‌ను కోసి చూస్తే పలకల మూలల్లో బేరింగు పొడి, చీర జరీలా మెరుస్తూ ఉంది.

ఫిల్టర్ ఉంది కదా, అది పట్టదా అని మీరు అడగొచ్చు. నేనూ అప్పుడు అదే అనుకున్నాను. పొద్దున ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఫిల్టర్‌లోంచి తొందరగా దిగదు. అప్పుడు బేరింగులు ఎండిపోకుండా బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిలే లోపలికి పోతుంది. కొన్ని ఇంజన్లలో అయితే కూలర్ ఫిల్టర్ తర్వాత ఉంటుంది, ఇక అడ్డే లేదు. అందుకని బేరింగు పోయిన బండికి, టర్బో విరిగిన బండికి పలకల కూలర్ కొత్తది వేయండి. కడిగితే పోదు. ఓనర్‌కు చెప్పడం కష్టమే, ఇప్పటికే బిల్లు చూసి నీరసపడి ఉంటాడు. నేను ఈ కోసిన ముక్కలు చూపిస్తాను. అందుకే షెడ్డులో దాచి పెట్టుకున్నాను.

కూలర్ విప్పినప్పుడు ప్యాకింగులు, ఓ-రింగులు కొత్తవే. పాత ఓ-రింగు చూడటానికి గుండ్రంగానే ఉంటుంది, గిల్లి చూడండి, గాజు గాజులా గట్టిపడి ఉంటుంది. ప్యాకింగుకు పూసే పేస్టు మాత్రం జామ్ పూసినట్టు పూయకండి. బయటికి వచ్చిన పేస్టు మీకు కనిపిస్తుంది, అంతే పేస్టు లోపలికి కూడా పోయింది, అది కనిపించదు. ఊడి ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది.

తెల్ల పొరను యాసిడ్‌తో తీసేద్దాం అని కొందరు బాత్రూం కడిగే యాసిడ్ పోస్తున్నారు. వద్దు బాబూ. పొరతో పాటు రేకును, అతుకులను కూడా తినేస్తుంది. అల్యూమినియం కూలర్ అయితే మరీ త్వరగా. ఇందాక చెప్పాను, రేకు పలచన. పొర కొద్దిగా ఉంటే ఆ ఇంజన్‌కు పనికొచ్చే రేడియేటర్ క్లీనర్ దొరుకుతుంది, డబ్బా మీద చెప్పినంతసేపే ఉంచి, బాగా కడిగేయాలి. ఈ ముక్క మీద ఉన్నంత మందంగా ఉంటే ఆశ వదులుకోవడమే.

థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు, దాని గురించి ఒక్క మాట. మన ఎండకు అది ఎందుకని తీసి పారేసేవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, పేర్లు చెప్పను. (నవ్వులు) కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే కొన్ని నీళ్లు రేడియేటర్‌కు పోకుండానే పక్కదారిలో ఇంజన్‌లోకి తిరిగొస్తాయి. చల్లబడాలని తీస్తే లోడు మీద ఇంకా వేడెక్కుతుంది.

ఇక హార్వెస్టర్లు, కొన్ని ట్రాక్టర్లు, బైకులు. వీటిలో చాలావాటికి ఆయిల్‌ను చల్లబరిచేది గాలి. ముందువైపు చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. వీటికి నీళ్ల గొడవ లేదు, మన దుమ్ముతోనే గొడవ. కోతల్లో తాలు, పొట్టు, గడ్డి నలుసు రెక్కల మధ్య దూరి పరుపులా పరుచుకుంటుంది. రోజుకు ఒకసారి కాదు, కోత నడుస్తుంటే మధ్యాహ్నం కూడా చూడాలి. గాలి కొట్టేటప్పుడు ముందు నుంచి కొట్టొద్దు, చెత్త ఇంకా లోపలికి పోతుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టండి. రేడియేటర్, ఏసీ కండెన్సర్, కూలర్ ఒకదాని వెనక ఒకటి ఉంటే, బయట తుడిచి శుభ్రం అనుకుంటాం. చెత్త వాటి సందులో ఉంటుంది. బోల్టులు విప్పి ఎడం చేసి చూడాలి. సిమెంటు లోడు బండ్ల వాళ్లు వాడపల్లి వైపు నుంచి వస్తుంటారు, వాళ్లకు ఒకటే చెప్తున్నా. ముందు పొడి గాలితో దులపండి, తర్వాతే నీళ్లు. సిమెంటు దుమ్ము మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో మేస్త్రీని అడగండి.

వాషింగ్ ప్రెషర్ పైపు దగ్గర పెట్టి కొడితే రెక్కలు వాలిపోతాయి. వాలిన రెక్కలోంచి గాలి పోదు. డీజిల్‌తో కడిగి వదిలేస్తే ఆ జిడ్డుకు మర్నాటి దుమ్మంతా అంటుకుంటుంది.

(సభలోంచి ఒకరు: సార్, ఘాట్ ఎక్కినంక బండి ఎంతసేపు ఆన్‌ల ఉంచాలె?)

మంచిగ అడిగినవ్ తమ్ముడూ. శ్రీశైలం డ్యాం దాటి ఈగలపెంట వైపు ఎక్కుతావు చూడు, చిన్న గేరు, పెద్ద లోడు, బండి మెల్లగా పోతుంది కాబట్టి ఎదురుగాలి ఉండదు. ఆయిల్ బాగా కాగి ఉంటుంది. పైకి రాగానే చాయ్ కోసం టక్కున ఆపేస్తే టర్బోలో నిలిచిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపు. మీటర్ ఇంకా ఎరుపులో ఉంటే ఇంకా ఎక్కువసేపు ఉంచు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకు. ఒక బార్ ప్రెషర్‌లో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగి ఉంటాయి, మూత తిప్పగానే ఒక్కసారిగా మొహం మీదికి వస్తాయి. మా షెడ్డులో ఒక క్లీనర్ పిల్లగాడి మెడ అలాగే కాలింది.

(ఇంకొకరు: మా ఊళ్లె ఆర్‌వో ప్లాంటు ఉంది. ఆ నీళ్లు పోస్తున్నం. నడుస్తదా?)

బోరు నీళ్ల కంటే చాలా మేలు. బ్యాటరీ నీళ్లంత శుభ్రం కాదు, అయినా దారిలో అవసరం పడితే అవే పోయి. ఒక్క నిమిషం, ప్లాంటులో ఏ పైపు దగ్గర పడుతున్నారు?

(బయట మోరీ దిక్కు పైపు సార్. ఫిరీ.)

అయ్యో. (నవ్వులు) అది మంచినీళ్ల పైపు కాదు తమ్ముడూ. లోపల మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా బయటికి తోసేసే పైపు అది. బోరు నీళ్ల కంటే గడుసు నీళ్లు. ఎన్ని నెలల నుంచి పోస్తున్నారు? సరే, మీటింగు అయ్యాక బండి అటు షెడ్డు వైపు తీసుకురా, చల్లారనిచ్చి డ్రెయిన్ విప్పి చూద్దాం. కూలర్ కవరు బోల్టులకు పదమూడు నంబరు స్పానర్ నా దగ్గర ఉంది.